కొండదారి డీజిల్ గూడ్స్ ఇంజన్లు: రాయగడ, కోరాపుట్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, జయపురం, కోరాపుట్, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో పెళ్లికో పేరంటానికో నలుగురు చేరితే, వాళ్లలో రైల్వేలో పనిచేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. గేటు దగ్గర బండి ఆగితే పిల్లలు అడిగే ప్రశ్నలూ, ఊరి నుంచి వచ్చిన బంధువులు అడిగే ప్రశ్నలూ దాదాపు ఒకటే. ఆ జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కువగా డబ్ల్యూడీజీ-3ఎ అనే గూడ్స్ ఇంజను గురించి ఉంటుంది. దానికి ముందు నడిచిన డబ్ల్యూడీఎం-2, తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4 కూడా మధ్యమధ్యలో వస్తాయి, ఎందుకంటే వాటితో పోల్చకుండా దీని సంగతి తేలదు.

డబ్ల్యూడీజీ-3ఎ అంటే ఏ ఇంజను?

మొదటి అక్షరం 'డబ్ల్యూ' బ్రాడ్‌గేజ్‌కి గుర్తు, 'డీ' డీజిల్‌కి, 'జీ' గూడ్స్‌కి. అంకె 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, దాని పక్కన 'ఎ' అంటే ఇంకో వంద. మొత్తం 3,100. ఇదే పద్ధతిలో 'ఎం' ఉంటే ప్యాసింజరుకీ గూడ్సుకీ రెండింటికీ పనికొచ్చే ఇంజను, 'పీ' ఉంటే ప్యాసింజరుకి, 'ఎస్' ఉంటే యార్డులో షంటింగుకి, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరపడానికి.

ఇది 1995లో వారణాసి డీజిల్ కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. అప్పట్లో దీన్ని డబ్ల్యూడీజీ-2 అనేవారు. హార్స్‌పవర్‌ని బట్టి అంకె వేసే పద్ధతి వచ్చాక 3ఎ అయింది. బరువు 123 టన్నులు, ఆరు ఇరుసులు, గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ. 'శక్తి' అనే పేరు కూడా ఉంది గానీ రైల్వేవాళ్ల నోట నేను ఎక్కువగా విన్నది 'ఆల్కో గూడ్స్' అనే మాటే.

ఇది అమెరికా ఇంజనా, మన ఇంజనా?

రెండూ. ఆల్కో అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ ఊళ్లో వాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. 1962లో వాళ్ల దగ్గర నుంచి 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు మన దేశానికి రావడం మొదలైంది. ఆ ఒప్పందంలోనే తయారీ పద్ధతి కూడా మనకిచ్చారు. 1961లో పెట్టిన వారణాసి ఫ్యాక్టరీ 1964 జనవరిలో మొదటి ఇంజనును బయటికి పంపింది. ఆ తర్వాత రెండున్నర వేలకు పైగా డబ్ల్యూడీఎం-2లు పట్టాలెక్కాయి.

విచిత్రం ఏమిటంటే, ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానేసింది. పుట్టింటివాళ్లు దుకాణం కట్టేసినా ఆ డిజైన్ వారణాసిలో ఇంకో నాలుగు దశాబ్దాలకు పైగా బతికింది, పెరిగింది. డబ్ల్యూడీజీ-3ఎ గుండెకాయ అదే పదహారు సిలిండర్ల '251' రకం డీజిల్. దాని చుట్టూ మార్చినవన్నీ మనవాళ్లు మార్చుకున్నవే. అందుకే దీన్ని అరువు ఇంజను అంటే నాకు నచ్చదు.

డీజిల్ ఇంజనైతే మళ్లీ కరెంటు మోటార్లు ఎందుకు?

లారీలో ఇంజను తిప్పుడు గేరుబాక్సు గుండా చక్రానికి వెళుతుంది. అయిదు వేల టన్నుల బండిని కదిలించే గేరుబాక్సు, క్లచ్చు చేయడం మాత్రం అయ్యే పని కాదు. అందుకని ఇక్కడ డీజిల్ ఇంజను పెద్ద జనరేటర్‌ని తిప్పుతుంది. ఆ కరెంటు కింద ప్రతి ఇరుసుకూ ఒకటి చొప్పున ఉన్న ఆరు ట్రాక్షన్ మోటార్లకు వెళుతుంది. నిజానికి ఇది తన కరెంటు తానే పుట్టించుకుని తిరిగే ఎలక్ట్రిక్ ఇంజను. డ్రైవరు చేతిలో ఉండేది ఎనిమిది మెట్ల హ్యాండిల్. ఒక్కో మెట్టును నాచ్ అంటారు. ఎనిమిదో నాచ్‌లో ఆల్కో గొంతు కిలోమీటరు అవతలికి వినిపిస్తుంది.

హార్స్‌పవర్ ఎక్కువున్న ఇంజనే ఎక్కువ బరువు లాగుతుంది కదా?

అందరూ అనుకునేది అదే, తప్పు కూడా అక్కడే. హార్స్‌పవర్ చెప్పేది ఎంత వేగంగా లాగగలదో. ఎంత బరువును కదిలించగలదో చెప్పేది వేరే లెక్క. దాన్ని లాగుడు బలం అనుకోండి, టన్నుల్లో కొలుస్తారు. మైదానంలో ఈ తేడా పెద్దగా కనిపించదు. మన వైపు, పార్వతీపురం దాటి కూనేరు, జిమిడిపేట మీదుగా రాయగడ వస్తుంటేనే తెలిసిపోతుంది. ఇక అక్కణ్నుంచి కోరాపుట్ కొండలెక్కితే ఆ లెక్క తప్ప వేరే లెక్క లేదు.

అంకెల్లో చూద్దాం. బొగ్గుకో ఖనిజానికో వాడే పైకప్పు లేని బాక్స్ఎన్ వ్యాగన్ నిండా లోడు వేస్తే 81 టన్నుల పైన ఉంటుంది. 58 వ్యాగన్ల రేకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండి, సుమారు 4,700 టన్నులు. నూటికి ఒకటి ఎత్తు ఎక్కాలనుకోండి, అంటే వంద మీటర్లు పోతే ఒక మీటరు పైకి. ఆ వాలు ఒక్కటే బండిని 47 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. ఇంజన్ల సొంత బరువు, బేరింగుల రాపిడి కలుపుకుంటే, ఆగిన బండి అక్కడ మళ్లీ కదలడానికి 65 టన్నుల చుట్టుపక్కల కావాలి.

ఇప్పుడు ఇంజన్లను చూడండి. డబ్ల్యూడీఎం-2 బయలుదేరేటప్పుడు చూపించగల లాగుడు సుమారు 30 టన్నులు. రెండు కలిపితే 60. అంటే సిగ్నల్ పడక ఆ ఎత్తు మీద ఆగితే చిక్కే. డబ్ల్యూడీజీ-3ఎ ఒక్కటే దాదాపు 38 టన్నులు లాగుతుంది, రెండు కలిస్తే 76. బండి కదులుతుంది. హార్స్‌పవర్ పెరిగింది అయిదో వంతు మాత్రమే, లాగుడు పెరిగింది నాలుగో వంతు. దీనికోసం మూడు పనులు చేశారు. బరువు 113 టన్నుల నుంచి 123కి పెంచారు, పట్టాను చక్రం గట్టిగా నొక్కడానికి. మోటారుకీ ఇరుసుకీ మధ్య గేరు పళ్ల నిష్పత్తి మార్చారు: డబ్ల్యూడీఎం-2లో 18:65, ఇందులో 18:74. దానికి ప్రతిఫలంగా వేగం 120 నుంచి 100కి తగ్గింది. మూడోది, బోగీ మార్చారు. ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, ఇరుసులను పట్టి ఉంచే కింది చట్రం. పాత బోగీలో లాగుడు పెరిగేకొద్దీ ముందు ఇరుసు తేలికై, వెనక ఇరుసు మీద బరువు పడేది. తేలికైన చక్రం జారేది. కొత్త బోగీలో ఆ బరువు మార్పిడి తగ్గింది.

ఈ 76 టన్నులతో ఎక్కుతున్నప్పుడు కూడా బండి గంటకు ఇరవై కిలోమీటర్ల చుట్టూ పాకుతూనే ఉంటుంది. హార్స్‌పవర్ పని అక్కడ మొదలవుతుంది: ఎక్కగలదా అన్నది లాగుడు తేలుస్తుంది, ఎంతసేపట్లో అన్నది హార్స్‌పవర్ తేలుస్తుంది.

చక్రాలు జారితే ఏం చేస్తారు?

ఇసుక వేస్తారు. చక్రాల ముందు గొట్టాలుంటాయి, ఇంజను మీద ఇసుక పెట్టెలుంటాయి. గాలి ఒత్తిడితో పొడి ఇసుకను పట్టా మీదికి ఊదుతారు. ఇసుక తడిస్తే గొట్టం మూసుకుపోతుంది, అందుకే షెడ్డులో దాన్ని ఆరబెట్టి నింపుతారు. డ్రైవర్లు జోరువానకన్నా సన్నటి తుంపరకే ఎక్కువ భయపడతారు. జోరువాన పట్టా మీది మడ్డిని కడిగేస్తుంది. తుంపర, పొద్దున్నే పడే మంచు మాత్రం ఆ మడ్డిని జిడ్డుగా చేసి వదిలేస్తాయి. కోరాపుట్ వైపు చలికాలం తెల్లవారుజామున ఎంత మంచు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఎక్కడం సరే, దిగేటప్పుడు బ్రేకులు బండిని పట్టి ఉంచుతాయా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు గానీ, ఘాట్ లైన్లో పనిచేసిన డ్రైవరుకి టెన్షన్ అంతా ఇక్కడే. ఎక్కేటప్పుడు తప్పు జరిగితే బండి ఆగుతుంది. దిగేటప్పుడు తప్పు జరిగితే ఆగదు.

బండి మొత్తం పొడవునా ఒక బ్రేకు పైపు ఉంటుంది, అందులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. ఆ ఒత్తిడి తగ్గిస్తే ప్రతి వ్యాగన్‌లో బ్రేకు పడుతుంది, మళ్లీ నింపితే వదులుతుంది. 58 వ్యాగన్ల చివరిదాకా గాలి నిండడానికి టైం పడుతుంది. నిండకముందే మళ్లీ మళ్లీ బ్రేకు వేస్తూ పోతే వ్యాగన్లలో నిల్వ గాలి తరిగిపోతుంది. అప్పుడు హ్యాండిల్ తిప్పినా పట్టు ఉండదు. పైగా చక్రం మీద బ్రేకు బ్లాకు అదేపనిగా ఒరుసుకుంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది.

అందుకే డైనమిక్ బ్రేక్ వచ్చింది. దిగేటప్పుడు ట్రాక్షన్ మోటార్లను జనరేటర్లుగా మార్చేస్తారు. చక్రం మోటారును తిప్పుతుంది, మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఆ పుట్టించే భారం చక్రాన్ని పట్టి ఆపుతుంది. వచ్చిన కరెంటు ఇంజను పైభాగంలో ఉన్న రెసిస్టెన్స్ గ్రిడ్లలో వేడిగా మారి గాల్లో కలుస్తుంది. రాత్రిపూట ఘాట్ దిగే ఇంజను నుంచి ఈల లాంటి గట్టి హోరు వస్తుంటే అది ఆ గ్రిడ్లను చల్లార్చే ఫ్యాను. ఎలక్ట్రిక్ ఇంజను ఈ కరెంటును తీగల్లోకి తిరిగి పంపగలదు. డీజిల్‌కి ఆ వీలు లేదు.

డబ్ల్యూడీజీ-3ఎ డైనమిక్ బ్రేకుకి ఒక లోపం ఉంది. వేగం బాగా తగ్గేకొద్దీ దాని పట్టు కూడా తగ్గుతుంది, చివర్లో గాలి బ్రేకే దిక్కు. డబ్ల్యూడీజీ-4లోని ఏసీ మోటార్లు దాదాపు నిలిచే దశ దాకా పట్టి ఉంచుతాయి. కొండ లైనుకి డబ్ల్యూడీజీ-4 గొప్పది అనడానికి దాని నాలుగు వేల హార్స్‌పవర్ కన్నా ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

సొరంగాల్లో డీజిల్ ఇంజనుకి ఇబ్బంది ఉంటుందా?

ఉంటుంది. ఎక్కే బండి సొరంగంలో నెమ్మదిగా వెళుతుంది, అదే సమయంలో ఇంజను పూర్తి నాచ్‌లో పొగ వదులుతుంది. ముందు ఇంజను వదిలిన వేడి గాలినే వెనక ఇంజను పీల్చాలి. వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ, దానివల్ల ఇంజను బలం తగ్గుతుంది, నీళ్లు వేడెక్కుతాయి. వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజనులో ఉన్నవాళ్ల సంగతి మరీ కష్టం. కిటికీలు మూసుకుని, తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్న రోజులు పాత డ్రైవర్లకి గుర్తే.

ఆల్కో బయలుదేరేటప్పుడు అంత నల్లపొగ ఎందుకు?

నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువ వస్తుంది. గాలిని లోపలికి నెట్టే టర్బో మాత్రం గొట్టంలో వచ్చే పొగ వేగాన్ని బట్టి తిరుగుతుంది, అది వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లు నూనె ఎక్కువ, గాలి తక్కువ. కాలని నూనె మసిగా బయటికి వస్తుంది. బండి ఊపందుకున్నాక కూడా నలుపు తగ్గకపోతే అప్పుడు షెడ్డువాళ్లు చూడాల్సిన పని ఉన్నట్టు. నీలం రంగు పొగ అయితే లూబ్రికేటింగ్ ఆయిల్ కాలుతోందని.

డబ్ల్యూడీజీ-4లో టర్బోను మొదట్లో ఇంజనే గేర్లతో తిప్పుతుంది, పొగ వేగం పుంజుకున్నాక వదిలేస్తుంది. అందుకే అది అంతగా పొగ కక్కదు. ఆల్కో అభిమానులకి ఆ పొగే అందం. రైలు గేటు పక్కన బట్టలు ఆరేసుకునేవాళ్లని అడిగితే వేరే మాట చెబుతారు.

స్టేషన్లో గంటలకొద్దీ నిలబడినా ఇంజను ఎందుకు ఆపరు? డీజిల్ వృథా కాదా?

వృథానే. ఊరికే తిరుగుతున్నా ఆల్కో గంటకు ఇరవై లీటర్లు దాటి తాగుతుంది. కానీ ఆపితే వచ్చే చిక్కులు వేరు. పదహారు సిలిండర్ల ఇంజనును మళ్లీ తిప్పాలంటే బ్యాటరీలు బలంగా ఉండాలి. కంప్రెసర్ ఇంజనుతోనే నడుస్తుంది కాబట్టి, ఇంజను ఆగితే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే బ్రేకు వ్యవస్థ మొత్తం మళ్లీ నింపుకోవాలి. లూప్ లైనులో (స్టేషన్లో మెయిన్ లైను పక్క పట్టా మీద) ఇంజను స్టార్ట్ కాక బండి నిలిచిపోతే, మిగిలే డీజిల్‌కన్నా నష్టం ఎక్కువ. తర్వాతి రోజుల్లో ఏపీయూ అని ఒక చిన్న ఇంజను పెట్టడం మొదలుపెట్టారు. పెద్దది ఆపేసినా అది బ్యాటరీనీ గాలినీ చూసుకుంటుంది, తాగేది కూడా చాలా తక్కువ.

కొత్తవలస–కిరండూల్ లైన్లో మొదట నడిచింది డీజిలేనా?

ఖనిజం బండ్లు డీజిల్‌తోనే మొదలయ్యాయి. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి ఈ లైను వేశారు. 1960ల చివర్లో తెరిచారు. పొడవు దాదాపు 450 కి.మీ., యాభైకి పైగా సొరంగాలు. అరకు దగ్గరి సిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. చాలాకాలం దేశంలో బ్రాడ్‌గేజ్‌కి అదే ఎత్తయిన స్టేషన్. అక్కణ్నుంచి పాడువా మీదుగా కోరాపుట్, జయపురం దాటి జగదల్‌పూర్ వైపు పోతుంది.

ఒకే బండికి రెండు మూడు డబ్ల్యూడీఎం-2లు కట్టి, ముందున్న ఇంజను నుంచే అన్నింటినీ నడిపేవారు. వాటి మధ్య ఒక కేబుల్ ఉంటుంది, ముందు డ్రైవరు నాచ్ మారిస్తే వెనకవాటిలోనూ మారుతుంది. 1980లలో ఈ లైనుకి తీగలు వచ్చాయి. 1988లో జపాన్ హిటాచీ కంపెనీ నుంచి ఆరువేల హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజన్లు కొన్ని తెప్పించి విశాఖలో పెట్టారు. అంటే దేశంలో చాలా లైన్లు ఇంకా ఆవిరి, డీజిల్ మధ్య ఊగుతున్న రోజుల్లోనే ఈ అడవి లైను కరెంటు చూసింది. ఖనిజానికున్న విలువ అలాంటిది. అదే సమయంలో పక్కన పల్లెల్లో ఇళ్లకి కరెంటు ఉందా అని మాత్రం అడగకండి.

మరి కోరాపుట్–రాయగడ లైను?

అది వేరే కథ, డీజిల్ ఇంజన్లకి అసలైన పరీక్ష అక్కడే. లక్ష్మీపూర్ రోడ్, టికిరి, శికర్‌పాయి మీదుగా కొండల్లోంచి దిగి సింగపూర్ రోడ్ దగ్గర విజయనగరం–రాయ్‌పూర్ లైనులో కలుస్తుంది. ముక్కలు ముక్కలుగా తెరుస్తూ వచ్చి 1998 చివరికి మొత్తం పూర్తిచేశారు. దీంతో కోరాపుట్ నుంచి అరకు ఘాట్ దిగకుండానే ఇటువైపు రావడానికి ఒక దారి దొరికింది.

తీగలు వచ్చేదాకా ఇక్కడ గూడ్సు, ప్యాసింజరు అన్నీ డీజిల్ మీదే. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ ఉంది. పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ తవ్వి, కన్వేయర్ బెల్టు మీద దింపి, అల్యూమినా పొడి చేస్తారు. అది మూతలున్న వ్యాగన్లలో విశాఖ రేవుకీ, అనుగుల్ స్మెల్టర్‌కీ వెళుతుంది. ఆ ఫ్యాక్టరీకి బొగ్గు రావాలి. ఇటువైపు తేరువలి ఫెర్రోక్రోమ్ ఫ్యాక్టరీ, జేకేపూర్ కాగితం మిల్లు ఉన్నాయి. వీటన్నిటి సరుకు మోసిన ఇంజన్లలో ఆల్కోల వాటా చాలా పెద్దది. లోడు బండి ఎక్కుతుంటే టికిరి లోయలో రెండు ఇంజన్ల చప్పుడు ఒకదాని మీద ఒకటి పడి మూడో ఇంజను ఉన్నట్టు వినిపించేది.

పర్లాకిమిడి చిన్న రైలుకి కూడా డీజిల్ ఉండేదా?

ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా–పర్లాకిమిడి నారోగేజ్ లైను 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. దాని గేజ్ రెండున్నర అడుగులు. ఆవిరి ఇంజన్లు పోయాక చిత్తరంజన్‌లో తయారైన జడ్‌డీఎం-5 డీజిళ్లు వచ్చాయి. ఒక్కోటి 450 హార్స్‌పవర్, డబ్ల్యూడీజీ-3ఎతో పోలిస్తే ఏడో వంతు. ఆ లైనుకి అదే ఎక్కువ. 2004లో నారోగేజ్ ఆపేశారు, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది.

ఇంజను పక్కన 'విశాఖపట్నం' అని రాసి ఉంటుంది. నడిచేది ఒడిశాలో కదా?

అది ఇంజను ఎక్కడ తిరుగుతుందో చెప్పదు, ఏ షెడ్డుదో చెబుతుంది. విశాఖపట్నం డీజిల్ షెడ్డు 1965లో, ఈ ఖనిజం రవాణా కోసమే పెట్టింది. దేశంలోని పెద్ద డీజిల్ షెడ్లలో ఒకటి. ఇంజను ఎక్కడ తిరిగినా గడువు ప్రకారం సొంత షెడ్డుకి చేరి తనిఖీ చేయించుకోవాలి. రాయగడలో కాజీపేట ఇంజనో, గుత్తి ఇంజనో కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు, గూడ్సు బండి ఎటు పోతే ఇంజనూ అటే.

డబ్ల్యూడీజీ-4ని దూరం నుంచి ఎలా గుర్తుపట్టాలి?

చెవితోనే తెలుస్తుంది. ఆల్కో నాలుగు స్ట్రోకుల ఇంజను, ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఆగి ఆగి దగ్గుతున్నట్టు ఉంటుంది. డబ్ల్యూడీజీ-4లో ఉన్నది జనరల్ మోటార్స్ వాళ్ల రెండు స్ట్రోకుల '710' ఇంజను, తెగకుండా ఒకటే గొణుగుడు. కళ్లతో చూస్తే, వెనకవైపు రేడియేటర్ భాగం పైన రెండు పక్కలకీ రెక్కల్లా విచ్చుకుని ఉంటుంది. నంబరు 12 వేల వరసలోనో 70 వేల వరసలోనో ఉంటుంది. డబ్ల్యూడీజీ-3ఎలకి 13, 14 వేల వరసలు ఎక్కువ.

లోపల తేడా ఇంకా పెద్దది. 126 టన్నుల బరువుతో 54 టన్నులు లాగుతుంది, అంటే తన బరువులో 43 శాతం. డబ్ల్యూడీజీ-3ఎకి ఇది 31 శాతం, డబ్ల్యూడీఎం-2కి 27. ఇంజను కింద ఒక రాడార్ ఉంటుంది, నేల మీద అసలు వేగం ఎంతో కొలుస్తుంది. చక్రం తిరిగే వేగాన్ని దాంతో పోల్చి, పూర్తిగా జారకముందే కంప్యూటర్ సర్దుతుంది. 1990ల చివర్లో కొన్ని ఆ అమెరికా కంపెనీ నుంచి వచ్చాయి, 2002 నుంచి వారణాసిలోనే కట్టారు. రెండు వైపులా క్యాబ్ (డ్రైవరు గది) ఉన్న డబ్ల్యూడీజీ-4డి తర్వాత వచ్చింది. ఒకే క్యాబ్ ఉన్న ఇంజనుని పొడవు ముక్కు ముందుకు పెట్టి నడుపుతూ, ఘాట్‌లో వంపు తర్వాత వంపు సిగ్నల్ వెతుక్కునే బాధ దాంతో తీరింది.

బీహార్‌లో కొత్త డీజిళ్లు కడుతున్నారంటారు. అవి ఇటు వస్తాయా?

మఢౌరాలో కడుతున్నవి అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) కంపెనీ డిజైన్ ఇంజన్లు. 2015లో వెయ్యి ఇంజన్లకి ఒప్పందం జరిగింది: 4,500 హార్స్‌పవర్‌వి 700, 6,000వి 300. వాటి నిర్వహణ షెడ్లు మొదట ఉత్తరప్రదేశ్‌లోని రోజాలో, గుజరాత్‌లోని గాంధీధామ్‌లో పెట్టారు. మన వైపు వస్తాయో లేదో నేను ఖాయంగా చెప్పలేను.

తీగలు వచ్చాక పాత ఆల్కోలు ఏమయ్యాయి?

డబ్ల్యూడీఎం-2లు వయసైపోయి తుక్కుకి పోయాయి, కొన్ని మాత్రం ప్రదర్శనకి మిగిలాయి. డీజిల్ ఇంజను ఆయుష్షు 36 ఏళ్లుగా లెక్కగడతారు. డబ్ల్యూడీజీ-3ఎల సమస్య వేరు, వాటిలో చాలావాటికి వయసు అవలేదు, పని అయిపోయింది. కొన్నింటిని షంటింగుకీ, మరమ్మతు బండ్లకీ మళ్లించారు. వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఎలను కలిపి పదివేల హార్స్‌పవర్ జంట ఎలక్ట్రిక్ ఇంజనుగా మార్చారు, 2019 ఫిబ్రవరిలో ప్రధాని చేతుల మీదుగా ప్రారంభించారు. డీజిల్ తీసేసి ఆ చోట ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం వినడానికి బాగుంది గానీ ఆ ప్రయోగం పెద్దగా ముందుకు సాగలేదు. ఇదే కుటుంబానికి చెందిన డబ్ల్యూడీఎం-3డి ఇంజన్లు పది 2020 జూలైలో బంగ్లాదేశ్‌కి ఇచ్చారు. అక్కడా బ్రాడ్‌గేజ్ మన కొలతే.

మంచి స్థితిలో ఉన్న యంత్రాన్ని యార్డులో ఎండకీ వానకీ వదిలేయడం చూస్తే బాధే. అయినా ఈ కొండల్లో కరెంటు ఇంజనే సరైనది. ఒక్క ఎలక్ట్రిక్ ఇంజను రెండు ఆల్కోల పని చేస్తుంది, సొరంగంలో పొగ ఉండదు, దిగేటప్పుడు కరెంటు వెనక్కి ఇస్తుంది.

అలాంటప్పుడు డీజిల్‌తో ఇంకా పనేముంది?

తీగ తెగినప్పుడు తెలుస్తుంది. చెట్టు పడినా, కొండచరియ జారినా, తుఫాను వచ్చినా మొదట అక్కడికి చేరగలిగేది డీజిలే. క్రేన్ బండిని లాగేది అదే. జయపురం–మల్కన్‌గిరి, గుణుపురం–తేరువలి లాంటి కొత్త లైన్లలో తీగకన్నా ముందు కంకర పడాలి, పట్టా పడాలి. ఆ సామాను మోసే బండికి డీజిల్ తప్ప దారి లేదు. ఫ్యాక్టరీ సైడింగుల్లో లోడింగ్ యంత్రాల కింద తీగ పెట్టలేని చోట్లు కూడా ఉంటాయి.

రాయగడ డివిజన్ వస్తే డీజిల్ షెడ్డు కూడా వస్తుందా?

రాయగడ డివిజన్ని 2019లో ప్రకటించారు, 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది. డివిజన్ అంటే పరిపాలన, షెడ్డు అంటే వర్క్‌షాపు. ఒకటి వస్తే రెండోది రావాలని లేదు. ఈ రోజుల్లో కొత్తగా డీజిల్ షెడ్డు కడతారని నేనైతే అనుకోను.

దగ్గరికెళ్లి ఫొటోలు తీసుకోవచ్చా?

ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని ప్లాట్‌ఫారం మీద నుంచి చూడండి, ఎవరూ ఏమీ అనరు. పట్టాల మీదికీ, యార్డులోకీ, సొరంగాల్లోకీ వెళ్లకండి. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ కింద అది నేరం, జైలు లేదా జరిమానా పడుతుంది. రీల్స్ కోసం సొరంగంలో నిలబడేవాళ్లకి ఒక్క మాట: ఎలక్ట్రిక్ ఇంజను వస్తున్నప్పుడు ఆల్కోలా చప్పుడు రాదు.

మా అబ్బాయికి డ్రైవరు అవ్వాలని ఉంది. ఇప్పుడు డీజిల్ నేర్చుకోవడం దండగా?

ముందు అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాలి. పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడులో ఐటీఐ గానీ, ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉండాలి, రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాయాలి. కంటిచూపు పరీక్ష చాలా కఠినం, అద్దాలు లేకుండా చూపు బాగుండాలి, రంగులు సరిగ్గా కనబడాలి. చాలామంది పరీక్ష పాసై ఇక్కడ ఆగిపోతారు, కాబట్టి కోచింగ్ ఫీజు కట్టకముందే బాబుని కంటి డాక్టరుకి చూపించండి. డీజిలా, ఎలక్ట్రికా అన్నది చేరాక రైల్వేనే ట్రైనింగ్ ఇచ్చి తేలుస్తుంది.